ఐదు లక్షల విరాళంతో మునిసిపల్ ప్రాథమిక బడిలో జర్మన్ చెప్పించడం సబబేనా?

ప్రశ్న: పటమట తండ్రి

సభ్యులకు నమస్కారం. విజయవాడ పటమట వైపు ఉన్న ఒక మునిసిపల్ ప్రాథమిక పాఠశాలలో మా అబ్బాయి నాలుగో తరగతి, అమ్మాయి రెండో తరగతి చదువుతున్నారు. పాఠశాల యాజమాన్య కమిటీకి ఈ మధ్యనే నన్ను సభ్యుడిగా ఎన్నుకున్నారు. ముప్పై ఏళ్ల కిందట ఇదే బడిలో చదివి, ప్రస్తుతం జర్మనీలో ఉద్యోగం చేసుకుంటున్న ఒక పెద్దమనిషి సంక్రాంతికి ఊరు వచ్చినప్పుడు బడికి కూడా వచ్చి, తాను కూర్చున్న గదిని చూసుకొని, మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు జర్మన్ నేర్పించడానికి మూడేళ్లకు కలిపి ఐదు లక్షల రూపాయలు ఇస్తానని చెప్పి వెళ్లారు. షరతు ఒక్కటే. ఆ డబ్బు భాష నేర్పడానికే వాడాలి గాని గోడలకు, గేటుకు వాడకూడదు. తన పేరు ఎక్కడా రాయించవద్దని కూడా ఆయనే అన్నారు.

మా బడిలో 112 మంది పిల్లలు ఉన్నారు. ఉపాధ్యాయ పోస్టులు నాలుగు ఉన్నా, ఒక టీచరు గారు ప్రసూతి సెలవులో ఉన్నందున హెడ్మాస్టరు గారితో కలిపి ముగ్గురే ఐదు తరగతులు నడుపుతున్నారు. కమిటీ సమావేశంలో ఈ విషయం పెట్టగానే సభ్యులు రెండుగా చీలిపోయారు. "పెద్ద పెద్ద ప్రైవేటు బళ్లలో ఫ్రెంచి చెబుతున్నారు, మన పిల్లలు మాత్రం ఏం పాపం చేశారు?" అని ఒక తల్లి అడిగారు. "మా పాప మూడో తరగతికి వచ్చినా తెలుగు వాచకంలో ఒక పేజీ తడుముకోకుండా చదవలేదు, ముందు ఆ సంగతి చూడండి" అని ఇంకొకరు అన్నారు. ఇద్దరి మాటా నాకు న్యాయంగానే తోచింది. హెడ్మాస్టరు గారు కమిటీ ఏది తీర్మానిస్తే అది చేస్తామని మర్యాదగా తప్పుకున్నారు.

దాత మనసు నొప్పించడం మాకు ఇష్టం లేదు. అయితే ఈ డబ్బును ఏ పద్ధతిలో తీసుకోవాలి, మూడేళ్ల తరువాత ఆ చదువును ఎవరు నడిపిస్తారు, అసలు ఈ వయసులో నేర్పినది పిల్లలకు నిలుస్తుందా అనే విషయాలను అనుభవం ఉన్నవారు వివరించాలని కోరుతున్నాను.

జవాబు: బ్రాడీపేట మాస్టారు

అయ్యా, నేను గుంటూరు జిల్లాలో ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ పొందాను. ఇటువంటి విరాళం వచ్చినప్పుడు అందరం మొత్తాన్ని చూస్తాము. ఏ పిల్లవాడికి ఎంత అందుతుందో లెక్క వేసి చూడము. ఆ లెక్క ఇక్కడ వేస్తున్నాను.

మూడు తరగతులకు వారానికి రెండేసి పీరియడ్ల చొప్పున ఆరు పీరియడ్లు అవుతాయి. విద్యాహక్కు చట్టం ప్రాథమిక తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు నిర్దేశించింది. అంటే వారానికి ఐదు రోజుల లెక్కన నలభై వారాలు, 240 పీరియడ్లు. మీకు ఏడాదికి వచ్చేది సుమారు 1,66,000 రూపాయలు కనుక, పీరియడ్‌కు 690 రూపాయల దాకా ఇవ్వవచ్చు. పార్ట్‌టైం టీచరుకు ఇది తక్కువ సొమ్మేమీ కాదు. కాబట్టి డబ్బు చాలదనే భయం మూడేళ్ల వరకు లేదు.

ఇప్పుడు పిల్లల వైపు నుండి చూడండి. ఈ ఏడాది మూడో తరగతిలో ఉన్నవారికే మూడేళ్ల జర్మన్ పూర్తిగా అందుతుంది. నాలుగో తరగతి వారికి రెండేళ్లు, ఐదో తరగతి వారికి ఒక్క ఏడాది. రెండో తరగతి వారు వచ్చే ఏడాది మొదలుపెట్టి రెండేళ్లు చదువుతారు, ఒకటో తరగతి వారికి చివరి ఏడాది ఒక్కటే దక్కుతుంది. అంటే ఐదు జట్ల పిల్లల్లో ఒక్క జట్టు కోసం ఇంత ఏర్పాటు జరుగుతున్నది. మీ అబ్బాయికీ అమ్మాయికీ కూడా చెరి రెండేళ్లే. ఆ ఒక్క జట్టు కూడా ఆరో తరగతికి హైస్కూలుకు వెళ్లాక అక్కడ జర్మన్ ఉండదు. హిందీ పండితుడు ఉంటారు, హిందీ అక్షరమాల అక్కడే మొదలవుతుంది. మూడేళ్లు నేర్చుకున్నది ఆ వేసవి సెలవుల్లోనే ఆవిరైపోతుంది.

ప్రభుత్వం ఆదుకుంటుందనే ఆశ పెట్టుకోవడానికి కూడా ఆధారం కనిపించదు. 2020 జాతీయ విద్యా విధానం కొరియన్, జపనీస్, థాయ్, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, పోర్చుగీసు, రష్యన్ వంటి విదేశీ భాషలను ప్రస్తావించిన మాట నిజమే గాని, వాటిని మాధ్యమిక స్థాయిలో అందించాలన్నది. ప్రాథమిక స్థాయిలో అది మాతృభాషకే పెద్దపీట వేసింది. మన ప్రాథమిక బళ్ల టీచర్ల (ఎస్.జి.టి.) నియామకాల్లో విదేశీ భాషా పోస్టు అనేదే లేదు. పోస్టు లేని చోట జీతం పద్దు పుట్టదు.

ఒప్పందాల మీద నడిచే భాషకు ఎంత పూచీ ఉంటుందో కేంద్రీయ విద్యాలయాలే చూపించాయి. 2011లో జర్మన్ భాషను ప్రచారం చేసే గోథే సంస్థతో కుదిరిన ఒప్పందం ప్రకారం ఆరు నుండి ఎనిమిదో తరగతి వరకు జర్మన్‌ను మూడో భాషగా పెట్టారు. 2014 నవంబరులో, విద్యా సంవత్సరం నడిమధ్యలో, దాని స్థానంలో సంస్కృతం తెచ్చారు. తల్లిదండ్రులు సుప్రీంకోర్టు దాకా వెళ్లవలసి వచ్చింది. త్రిభాషా సూత్రం ప్రకారం ఆ నిర్ణయం సరైనదా కాదా అన్నది వేరే చర్చ. దేశమంతటా బళ్లున్న సంస్థలోనే అలా జరిగినప్పుడు, ఒక వ్యక్తి మంచితనం మీద ఆధారపడిన మీ ఏర్పాటు ఎంత కాలం నిలుస్తుందో మీరే ఆలోచించండి. (జర్మన్ మీద నాకు కోపం లేదు. జర్మనీలో పుట్టి, అమెరికా మీదుగా 1842లో గుంటూరు చేరిన మిషనరీ హేయర్ గారి కాలం నుండి మా ఊరికి ఆ దేశపు పేర్లు పరిచయమే.)

నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను. 91 నుండి 120 మంది పిల్లలకు నలుగురు ఉపాధ్యాయులు ఉండాలని చట్టమే చెబుతున్నది. ఆ నాలుగో మనిషి తరగతి గదిలో లేనప్పుడు, ఐదో మనిషిని జర్మన్ కోసం తేవడం తగదు.

జవాబు: ఫ్రెంచి టీచరు, విజయవాడ

మాస్టారు గారికి నమస్కారాలు. మీ లెక్కను కాదనను. అయితే భాషా బోధనను పోస్టుల పట్టికలోంచి మాత్రమే చూస్తే కొన్ని సంగతులు కనబడవు. నేను పదకొండేళ్లుగా నగరంలోని ప్రైవేటు పాఠశాలల్లో ఫ్రెంచి చెబుతున్నాను.

చిన్న వయసులో మొదలుపెడితే భాష బాగా వస్తుందనే మాటలో సగమే నిజమని నేనే ముందుగా ఒప్పుకుంటాను. ఇంగ్లండులో 1964 నుండి పదేళ్లపాటు ప్రాథమిక బళ్లలో ఎనిమిదేళ్ల పిల్లలకు ఫ్రెంచి నేర్పి, వారిని పదహారేళ్ల దాకా గమనించారు. పదకొండేళ్లకు మొదలుపెట్టిన పిల్లలతో పోల్చినప్పుడు చదవడంలో, రాయడంలో చిన్నప్పుడే మొదలుపెట్టినవారికి ఆధిక్యం కనబడలేదు. విని అర్థం చేసుకోవడంలో మాత్రం వారు ముందున్నారు. మా వృత్తిలో ఉన్నవారికి ఇది ఆశ్చర్యం కలిగించదు. ఎనిమిదేళ్ల పిల్లకు చెవి పదును, పద్నాలుగేళ్ల పిల్లకు వ్యాకరణ జ్ఞానం పదును. అదే ఇంగ్లండు ఆ ఫలితాలు చూసి కొంతకాలం వెనుకడుగు వేసినా, 2014 సెప్టెంబరు నుండి ఏడు మొదలు పదకొండేళ్ల వయసు పిల్లలకు మరొక భాషను తప్పనిసరి చేసింది. అంటే వారు కూడా ఆ చెవి పదునును తక్కువగా చూడలేదు.

ఇక మన పిల్లల సంగతి. ఒకటో తరగతి నుండే ఒక పేజీలో తెలుగు, పక్క పేజీలో ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు 2020-21 నుండి వారి సంచుల్లో ఉన్నాయి. రెండు భాషల మధ్య తిరగడం వారికి అలవాటే. మూడో భాష అనగానే బరువు అనుకోవడం పెద్దల భయం. నా తరగతిలో మొదటి నెల పుస్తకమే తెరవము. పలకరింపులు, అంకెలు, రంగులు, కూరగాయల పేర్లు. వంకాయను ఫ్రెంచిలో "ఓబెర్జీన్" అంటారని చెప్పిన రోజు పిల్లలు ఇంటికి వెళ్లి వంటింట్లో అదే జపం చేశారని ఒక తల్లి నాతో అన్నారు.

కాని డబ్బు విషయంలో నేను దాచకుండా చెప్పవలసినది ఒకటుంది. ఐదు లక్షలు అనగానే మీకు శిక్షణ పొందిన జర్మన్ టీచరు దొరుకుతారని అనుకోవద్దు. విజయవాడలో జర్మన్ వచ్చినవారిలో ఎక్కువమంది ఉద్యోగానికో పై చదువులకో వెళ్లే యువతకు పరీక్షల కోసం చెప్పేవారే. వారి రుసుము ఎక్కువ, చిన్నపిల్లలతో అలవాటు తక్కువ. హైదరాబాదులోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో చదివి వచ్చినవారు వారానికి ఆరు పీరియడ్ల కోసం ఇక్కడికి రారు. నాకే మూడు బళ్లు తిరిగితే గాని నెల గడవదు, పైగా వేసవి రెండు నెలలూ జీతం ఉండదు. మొదటి ఏడాది మధ్యలో టీచరు మానేస్తే మీరేం చేస్తారు? విరాళాల ప్రణాళికల్లో ఈ ప్రశ్నకు జవాబు రాసినవారిని నేను ఇంతవరకు చూడలేదు.

అందువల్ల నా సలహా, వద్దనమని కాదు. వారానికి రెండు నలభై నిమిషాల పీరియడ్లు అంటే ఏడాదికి 53 గంటలు, మొత్తం బోధన సమయంలో పదిహేనో వంతు. అంత పెద్ద కోత తెలుగు, లెక్కల సమయంలో పెట్టకుండా, శనివారం ఒక గంట, అది కూడా పాటలు, ఆటల రూపంలో పెట్టుకోండి. దానిని జర్మన్ కోర్సు అని పిలవకుండా, లోకంలో ఎన్నో భాషలున్నాయని పిల్లలకు తెలిపే గంటగా నడపండి.

జవాబు: ఓచరు మనిషి

నేను విద్యాశాఖ జమాఖర్చులు చూసిన వాడిని. భాష మంచిచెడ్డలు మీరు మాట్లాడుకోండి, నేను డబ్బు దారి చెబుతాను.

మొట్టమొదట మీరు దాతను అడగవలసిన ప్రశ్న: ఆయన ఇప్పటికీ భారత పౌరుడేనా? విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 2010 ప్రకారం భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసుడు తన సొంత సంపాదనను బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. ఆయన జర్మన్ పౌరసత్వం తీసుకొని ఓ.సి.ఐ. కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతి వారికి ఇచ్చేది) మీద వచ్చి వెళుతుంటే, అదే ఐదు లక్షలు విదేశీ విరాళం అవుతుంది. దానికి కేంద్ర హోంశాఖ నమోదు లేదా ముందస్తు అనుమతి కావాలి, 2020 సవరణ తరువాత ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ప్రత్యేక ఖాతా కావాలి. మునిసిపల్ బడి కమిటీ పడగలిగిన పాట్లు కావవి. అలాంటప్పుడు "మా అమ్మగారి ఖాతా నుండి ఇప్పిస్తాను" అనే ఉపాయం ఎవరైనా చెబుతారు. ఆ దారిలో వెళ్లకండి. చేతులు మారినంత మాత్రాన విదేశీ సొమ్ము స్వదేశీ సొమ్ము కాదు.

రెండవది, డబ్బు ఎవరి చేతికీ నగదుగా వెళ్లకూడదు. కమిటీ తీర్మానం, మినిట్స్ పుస్తకంలో సంతకాలు, పై అధికారి లిఖిత అనుమతి, కమిటీ ఖాతాకు చెక్కు లేదా ఆన్‌లైన్ జమ, ప్రతి చెల్లింపుకు ఓచరు. టీచరుకు ఇచ్చేది గౌరవ వేతనం అని, దానివల్ల ఉద్యోగ హక్కు ఏదీ రాదని కాగితం మీద రాయించుకోండి.

మూడేళ్ల తరువాత బడి గ్రాంటుతో నడుపుకుంటామని ఎవరైనా అంటే నమ్మకండి. సమగ్ర శిక్ష కింద 101 నుండి 250 మంది పిల్లలున్న బడికి ఏడాదికి వచ్చే కాంపోజిట్ గ్రాంటు 50,000 రూపాయలు. సుద్దముక్కలు, కరెంటు, మరమ్మతులు, శుభ్రత అన్నీ అందులోనే. ప్రాథమిక బడి గ్రంథాలయానికి 5,000, ఆట సామగ్రికి మరో 5,000. కేంద్రం 60, రాష్ట్రం 40 వంతున భరించే ఆ పథకంలో వార్షిక ప్రణాళికలో లేని పద్దుకు పైసా రాదు. ప్రణాళికలో ఉన్న దానికే ఆలస్యం అవుతుంటుంది, అది వేరే కథ.

మాస్టారు గారు కేంద్రీయ విద్యాలయాల ఉదాహరణ చెప్పారు. ప్రభుత్వం సొంత డబ్బుతో మొదలుపెట్టినా ఇదే గతి పట్టిన దేశం ఒకటుంది. ఐర్లండు 1998లో ప్రాథమిక బళ్ల చివరి రెండు తరగతులకు ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, ఇటాలియన్ నేర్పే కార్యక్రమం పెట్టి 500కు పైగా బళ్లకు విస్తరించింది. ఆర్థిక సంక్షోభం వచ్చాక 2011 డిసెంబరు బడ్జెటులో దానిని ఎత్తివేసి, ఏటా మిగిలే 25 లక్షల యూరోలను పిల్లల చదవడం, రాయడం, లెక్కల కార్యక్రమానికి మళ్లించింది. పద్నాలుగేళ్లు నడిచినా ఆ భాషలు బడి పాఠ్యప్రణాళికలో భాగం కాలేదు, పక్కన తగిలించిన పథకంగానే ఉండిపోయాయి. డబ్బు బిగుసుకున్నప్పుడు ముందుగా తెగేవి పక్కన తగిలించినవే. మన రాష్ట్రంలో 2023 జూన్‌లో ఇ.టి.ఎస్. అనే అమెరికా పరీక్షల సంస్థతో ఒప్పందం చేసుకొని మూడో తరగతి నుండే టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్షలకు తయారు చేయడం మొదలుపెట్టి, మరుసటి ఏడాది ప్రభుత్వం మారాక ఆపివేసిన సంగతి అందరికీ తెలుసు. ఇంగ్లీషుకే అలా అయితే జర్మన్‌కు ఎంత పూచీ?

నగదు చిక్కులు వద్దనుకుంటే 2021లో కేంద్రం తెచ్చిన విద్యాంజలి పోర్టల్ ఉన్నది. అందులో డబ్బు కాకుండా పుస్తకాలు, పరికరాలు, లేదా బోధించే మనిషి సమయం ఇవ్వవచ్చు. దాతగారు వారానికి ఒక సాయంత్రం ఆన్‌లైన్‌లో తానే పిల్లలతో మాట్లాడతానంటే, ఐదు లక్షల కన్న అది విలువైనది కావచ్చు.

జవాబు: సింగ్‌నగర్ అమ్మ

నాకు ఈ చట్టాలు తెలియవు గాని మా ఇంటి అనుభవం ఒకటి రాస్తున్నాను. మా పెద్దమ్మాయి బి.ఎస్సీ. నర్సింగ్ పూర్తి చేసి జర్మనీ వెళ్లడానికి ఆ భాష నేర్చుకుంటున్నది. అక్కడ నర్సుగా గుర్తింపు రావాలంటే భాషలో బి2 స్థాయి (ఎ1 నుండి సి2 దాకా ఉన్న ఆరు మెట్లలో నాలుగోది) అడుగుతున్నారు. ఇరవై రెండేళ్ల వయసులో సున్న నుండి మొదలుపెట్టి, రోజుకు ఐదు గంటలు కూర్చొని, ఏడాదిలో బి1 దాటింది. చిన్నప్పుడు నేర్వలేదన్న లోటు ఎక్కడా అడ్డు రాలేదు.

అడ్డు వచ్చింది వేరొకటి. జర్మన్‌లో నాలుగు విభక్తులు ఉంటాయట. తెలుగులో విభక్తులను అది బడిలో బట్టీ పట్టి పరీక్షలో రాసేసిందే గాని, అవి వాక్యంలో ఏం పని చేస్తాయో ఎవరూ చెప్పలేదు. "అమ్మా, మన భాషలోనే ఇది అర్థం చేసుకొని ఉంటే అక్కడ నాకు సగం కష్టం తప్పేది" అని చాలాసార్లు అన్నది. ప్రైవేటు బళ్ల పిల్లలకు ఉన్నది మన పిల్లలకూ ఉండాలన్న ఆ తల్లి మాట నాకు అర్థమవుతుంది, నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. కాని సరిగా చదవడం రాని పిల్లకు జర్మన్ పాట నేర్పి వార్షికోత్సవంలో నిలబెడితే, చప్పట్లు మనకు, నష్టం ఆ పిల్లకు.

జవాబు: బ్రాడీపేట మాస్టారు

ఓచరు మనిషి గారి ఐర్లండు ఉదాహరణ నాకు కొత్త. ఫ్రెంచి టీచరు గారి శనివారం గంటకు నేను అడ్డు చెప్పను, ఒక్క షరతు మీద: దానికి పరీక్ష, మార్కులు, సర్టిఫికెట్ పెట్టకూడదు. పెడితే మరుసటి నెలకే ట్యూషన్ మొదలవుతుంది. మన జిల్లాల సంగతి మనకు తెలియనిదా?

పటమట తండ్రి

అందరికీ కృతజ్ఞతలు. మీరు రాసినవన్నీ అచ్చు తీయించి కమిటీలో చదివి వినిపించాను. మాస్టారు వేసిన జట్ల లెక్క విన్నాక ఫ్రెంచి మాట ఎత్తిన తల్లి కూడా చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "ఒక్క జట్టు కోసమైతే నాకు వద్దు" అన్నారు.

దాతగారికి ఫోన్ చేసి, కాస్త సంకోచిస్తూనే పౌరసత్వం సంగతి అడిగాను. ఆయన భారత పౌరుడే, పాస్‌పోర్టు మార్చుకోలేదు. కనుక ఆ చిక్కు లేదు. రెండో విషయం, అంటే జర్మన్ కోర్సు వద్దనుకుంటున్నామని, చెప్పినప్పుడు మాత్రం కొంత నొచ్చుకున్నారు. తాను జర్మనీలో మొదటి రెండేళ్లు భాష రాక పడిన అవస్థ చెప్పి, మన పిల్లలకు అది తప్పించాలనే ఈ ఆలోచన చేశానన్నారు. సింగ్‌నగర్ అమ్మగారి జవాబు ఆయనకు పంపించాను. రెండు రోజుల తరువాత ఆయనే ఫోన్ చేసి, షరతును "భాష" అనే మాట వరకు సడలిస్తానని, అది ఏ భాష అన్నది కమిటీకే వదిలేస్తానని అన్నారు.

ఇప్పుడు మా ముందున్న ప్రతిపాదన ఇది. మొదటి ఏడాది సొమ్ములో ఎక్కువ భాగంతో, మూడో తరగతి దాటినా చదవడం రాని పిల్లలకు రోజూ ఒక గంట తెలుగు, ఇంగ్లీషు చదివించే ఒక బోధకురాలిని గౌరవ వేతనం మీద పెట్టుకోవడం, కొంత సొమ్ముతో బొమ్మల కథల పుస్తకాలు కొనడం. శనివారం గంటను దాతగారే జర్మనీ నుండి ఆన్‌లైన్‌లో నెలకు రెండుసార్లు తీసుకుంటానన్నారు. బడిలో ప్రొజెక్టరు లేదు, హెడ్మాస్టరు గారి ల్యాప్‌టాప్ చుట్టూ పిల్లలను కూర్చోబెట్టాలి.

ఓచరు మనిషి గారిని ఇంకొక్క విషయం అడగదలచాను. ప్రసూతి సెలవులో ఉన్న టీచరు గారు తిరిగి చేరిన తరువాత కూడా ఈ బోధకురాలిని కొనసాగించాలంటే, అనుమతి కోరే లేఖలో ఆమె పనిని ఏ మాటతో రాయాలి? "ఉపాధ్యాయురాలు" అని రాస్తే అభ్యంతరం వస్తుందని హెడ్మాస్టరు గారు అంటున్నారు. వచ్చే సోమవారం తీర్మానం రాయవలసి ఉన్నది.

ఓచరు మనిషి

"పఠన సహాయకురాలు, విరాళ నిధి నుండి, పది నెలల కాలానికి" అని రాయండి. కాలపరిమితిని అక్షరాల్లోనూ అంకెల్లోనూ రాయండి. దాత ఒప్పుకున్న షరతు మార్పును ఫోన్ మాటగా వదిలేయకుండా ఈ-మెయిల్ మీద తెప్పించుకొని, దాని నకలును తీర్మానానికి జత చేయండి.